గరిసెలు కట్టుకున్న మనిషి

మొన్న వానలు పట్టిన వారంలో చేవెళ్లలో మా ఇంటి ముందు ఒక తెల్ల కారు ఆగింది. ముందు దిగినాయన ప్రమోద్ అయ్యగారు. అజీజ్‌నగర్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌ను లీజుకు తీసుకుని, పచ్చిక మీద పెద్ద షెడ్డు వేసి, ప్రతి ఆదివారం కార్ల వరుసల మధ్య ఆరాధన జరిపించే పాస్టరు. మా సొంతూరు ఆలూరు. ఆయన తాతదీ అదే ఊరు. ఆ ఊరి పేరు ఆయన నోటి నుంచి రావడం మాత్రం నేను ఆ రోజే మొదటిసారి విన్నాను. వెనక దిగిన పిల్లలిద్దరూ కెమెరా పట్టుకుని, చెప్పులు విప్పాలా వద్దా అని గడప దగ్గర కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విప్పమని నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు.

"ప్రైజ్ ది లార్డ్, ఆంటీ. మీ చిన్నబాపు సామేలు గారి గురించి వచ్చినం. కచిన్ ట్రైబ్స్‌లకు పోయి వాళ్ల భాష నేర్చుకొని వాక్యం తర్జుమా చేసిన ఫస్ట్ తెలుగు మిషనరీ. ఇంత పెద్ద సేవకుడు మన మట్టిల పుట్టిండని ఎవ్వలకన్న తెలుసా చెప్పుండ్రి?" అన్నాడు అయ్యగారు, కుర్చీలో కూర్చోకముందే.

"ఫస్టు అని నీకెవరు చెప్పిన్రు నాయనా?"

"రీసెర్చ్ చేసినం ఆంటీ."

రీసెర్చ్ అంటే మా చెల్లెలి కొడుకు ఫోన్లో పెట్టిన ఒక పాత ఫోటో అని తర్వాత తెలిసింది. ఫామ్‌హౌస్‌లో ఒక గది కడుతున్నారట. దాని పేరు మిషనరీ జ్ఞాపక మందిరం. చిన్నబాపు వాడిన వస్తువు ఏదైనా ఉంటే గాజు పెట్టెలో ఉంచి, పైన లైటు వేసి, పిల్లలకు స్ఫూర్తినిస్తారట. నేను లేచి వంటింట్లోకి వెళ్లి, అటక మీద బట్టలో చుట్టి ఉన్న వెదురు గొట్టాన్ని తెచ్చి టీపాయి మీద పెట్టాను. మూరెడు పొడవుంటుంది. పొగకు నల్లబడి, నూనె రాసినట్టు మెరుస్తుంది. ఒక పిల్లవాడు దాని మూతికి చుట్టిన ఎండుటాకు కొంచెం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "అయ్యగారూ, లోపల ఏదో పాడైపోయింది," అన్నాడు.

"పాడు కాలేదు. అది చాయ్ ఆకు," అన్నాను.

వాళ్లు నమ్మలేదు. అయ్యగారు మర్యాదకు నవ్వి, ఆ మందిరం తెర నేనే తీయాలనీ, రెండు ముక్కలు సాక్ష్యం చెప్పాలనీ అడిగాడు. ఆ తర్వాత, లేచి వెళ్లబోతూ, మామూలు సంగతి చెబుతున్నట్టు అన్నాడు: "బోర్డు మీద మా తాత పేరు గూడ ఉంటది ఆంటీ. సామేలు గారిని పంపింది మా తాత ఇస్సాకు సారే గద. ఆ విజన్ తాతది."

నా చేతిలో ఉన్న ఖాళీ చాయ్ కప్పును నేను చాలా నెమ్మదిగా పళ్లెంలో పెట్టాను. గొట్టం ఇస్తానో లేదో మీటింగు నాడే చెబుతానన్నాను. వాళ్లు వెళ్లిపోయాక ఆ ఆకును మళ్లీ బిగించి కడుతుంటే పొగ వాసన చేతులకంటింది. ఆ వాసనతో ఆలూరు ఇల్లు, మా అవ్వ, ఇస్సాకు సారు ముగ్గురూ ఒకేసారి వచ్చి నా ఎదుట కూర్చున్నారు.

ఆలూరులో మా ఇంట్లో పొద్దున పొయ్యి ముట్టించడానికి ముందు ఒక పని జరిగేది. వంటకని చేటలో పోసుకున్న గింజల్లోంచి అవ్వ ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన ఉన్న చిన్న కుండలో వేసేది. వేస్తూ పెదవులు కదిపేది. మా ప్రాంతంలో అప్పుడు తినేది జొన్నలే. బియ్యం అంటే పండగకో, జ్వరానికో. అందుకని ఆ కుండలో ఒకరోజు జొన్నలు, ఒకరోజు నూకలు, కూలి కింద వడ్లొచ్చిన రోజుల్లో బియ్యం, అన్నీ కలిసి ఉండేవి. మా అమ్మ ఎప్పుడైనా తొందరలో మరిచిపోయి ఎసట్లో పోసేస్తే, అవ్వ మరుగుతున్న నీళ్లలోంచి గరిటెతో తీసి ఆరబెట్టి మరీ కుండలో వేసేది. "దేవునికి ఉడికినవి ఇస్తవా?" అని అమ్మ నవ్వేది. "మరిచిపోయినోళ్లకు ఉడికినయే దిక్కు," అనేది అవ్వ. నెలకోసారి సంఘంలోని ఆడవాళ్లందరూ తమ కుండలు గుడికి తెచ్చి ఒక్కచోట పోసేవాళ్లు. గుడి అంటే మేము మా ప్రార్థన మందిరాన్నే అనేవాళ్లం. ఆ గింజలు అక్కడే వేలం వేసేవారు. వచ్చినదాన్ని చిన్నబాపుకు పంపేవాళ్లు. అలా పంపాలని మొదలుపెట్టింది మా గుడి ఆడవాళ్లు. ఇస్సాకు సారు చేసిందల్లా వేలం పాట పాడటం. గొంతు పెద్దది కాబట్టి ఆ పని ఆయనకిచ్చారు.

చిన్నబాపు అంటే మా నాన్నకు తమ్ముడు, అవ్వకు ఆఖరి బిడ్డ. రైలు ఆఖరి స్టేషన్లో దిగి, లారీ ఎక్కి, నది దాటి, నడిచి చేరుకునే కొండల్లో ఉండేవాడు. బర్మా సరిహద్దు అది. బర్మా వైపు కచిన్లకు వాళ్ల భాషలో వాక్యం మా చిన్నబాపు పుట్టకముందే ఉంది. మన వైపు కొండల్లోని వాళ్లు అదే జాతివాళ్లు. ఇక్కడ సింగ్ఫోలంటారు. వాళ్ల మాట తీరు వేరు కావడంతో అటువైపు పుస్తకం వాళ్లకు సరిగా అందలేదు. ఆ కొద్ది ఊళ్ల కోసం బైబిలులోని ఒక సువార్త పుస్తకాన్ని వాళ్ల మాటలో తయారు చేయడం, అదీ చిన్నబాపు బతుకంతా చేసిన పని. ఈ ఒక్క విషయాన్ని కూడా ఆ రీసెర్చి పట్టుకోలేదు. మొట్టమొదటివాడు అంటే బోర్డు మీద బాగుంటుంది. ముందు చేసినవాళ్లు వదిలేసిన చిన్న మూలను పట్టుకుని కూర్చున్నవాడు అంటే ఏం బాగుంటుంది?

ఏళ్లకోసారి సెలవు మీద ఇంటికొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక వెదురు గొట్టం తెచ్చేవాడు. వాళ్లు చాయ్ ఆకును వేయించి, ఎండబెట్టి, వెదురులో కూరి, పొయ్యి మీద పొగకు వేలాడదీస్తారట. అది గట్టిపడి ముద్దవుతుంది. కత్తితో కొంచెం చెక్కి మరిగించాలి. పాలు లేవు, చక్కెర లేదు. అవ్వ మొదటిసారి తాగి ముఖమంతా ముడిచింది.

"ఇదేం చాయ్ రా కొడకా! పొయ్యిని నానబెట్టి తాగినట్టున్నది."

"రెండు గుక్కలు తాగే అవ్వ. తర్వాత మంచిగనిపిస్తది."

"మంచిగనిపించేదాంక బతకాలె గద!"

అయినా తాగేది. కొడుకు తాగేదేమిటో తెలుసుకోవాలని తాగేదనుకుంటాను. ఆయన పొద్దున్నే లేచి, పొయ్యి దగ్గర కూర్చుని, ఆ భాషలో తనలో తాను మాట్లాడుకునేవాడు. నాలుక మరిచిపోతుందట. మా పక్కింటావిడ అది చూసి పిల్లవాడికి గాలి సోకిందని ఊరంతా చెప్పింది. ఆయన ఎవరింట్లో ఉండేవాడో ఆ పెద్దమనిషి పేరు గాం. వాళ్లలో మొదటి కొడుకు ఎవరైనా గామే. అవ్వకు ఇది అంతులేని వినోదం. "మరి గాం అని పిలిస్తే ఎందరు పలుకుతర్రా?" అని అడిగేది. "ఎవలు దగ్గరుంటే వాళ్లు పలుకుతరు," అనేవాడు చిన్నబాపు.

ఆయన పని తీరు గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. నాలుగు వాక్యాలు తర్జుమా చేయగానే ఆయన సంబరపడేవాడు కాదు. సాయంత్రం ఏదో ఒక ఇంట్లో పొయ్యి చుట్టూ కూర్చున్న వాళ్లకు చదివి వినిపించి, పుస్తకం మూసి, "ఇప్పుడు మీ మాటల్లో నాకు చెప్పండి," అనేవాడు. వాళ్లు చెప్పింది తను రాసినదానితో కలిసిందా, సరే. కలవకపోతే తప్పు వాళ్లది కాదు, తనది. మర్నాడు మళ్లీ రాసేవాడు. అలా అడిగేటప్పుడు మొదట అడగాల్సింది ఇంటి పెద్దను. ముందు చెప్పడం అక్కడ గౌరవం. పెద్దను కాదని చిన్నవాళ్లను అడిగితే ఆ పెద్ద ఆ పూట అన్నం తినడు.

పెద్ద గరిసెలు కట్టుకోవాలనుకున్న ధనవంతుడి ఉపమానం అక్కడ వినిపించినప్పుడు ఏమైందో చిన్నబాపు మాకు పొయ్యి దగ్గరే చెప్పాడు. ఒకడి పొలం బాగా పండింది. ధాన్యం పెట్టే చోటు చాలక, ఉన్న గరిసెలు పీకించి పెద్దవి కట్టిస్తానని, ఇక తింటూ తాగుతూ ఏళ్ల తరబడి సుఖంగా ఉంటానని తనలో తాను అనుకున్నాడు. ఆ రాత్రే వాడి ప్రాణం అడుగుతున్నానన్నాడు దేవుడు. ఇంతే కథ. గాం మొత్తం విని, చక్కగా తిరిగి చెప్పి, ఒక్కటే ప్రశ్న వేశాడట: "ఈ మనిషికి పిచ్చా? పంట ఇంటికొస్తే ముందు చుట్టాలను, ఊరివాళ్లను పిలిచి కొత్త బియ్యం పెట్టాలి గదా. పిలవకముందే గరిసె సంగతి ఎట్ల ఎత్తిండు? ఇంట్ల మాట్లాడటానికి కూడా ఎవరూ లేరా, తనలో తనే మాట్లాడుకుంటున్నడు?" అక్కడ కొత్త బియ్యం అందరికీ పెట్టకుండా ఇంటివాళ్లు ముట్టరు. అవ్వ ఆ మాట విని పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. "మంచోళ్లే ఉన్నట్టున్నరు," అంది. కొడుకును అక్కడ ఉంచడానికి ఆమె మనసు ఒప్పుకున్నది ఆ రోజేనేమో.

నేను పెద్ద తరగతుల్లో ఉన్నప్పుడు వచ్చిన సెలవులో, పంట నూర్పిళ్లు అయిన ఆదివారం, గుడిలో ఆయనను సందేశం చెప్పమన్నారు. ఆ ఏడు ఇస్సాకు సారుకు బాగా పండింది. సారు బడి ఉద్యోగంలో స్థిరపడి, ఎండిపోయిన సంవత్సరాల్లో ఆ దిక్కు ఈ దిక్కు నుంచి పొలాలు కొని, సంఘ పెద్ద అయినవాడు. మా వాళ్లలో మొదటి స్లాబు ఇల్లు ఆయనది. ఇంటి వెనక ధాన్యానికని కొత్తగా రేకుల గది వేయించి, దానికి ప్రతిష్ఠ ప్రార్థన కూడా జరిపించాడు. గుడిలో మగవాళ్ల వైపు ముందు వరుసలో ఆయనకు మాత్రమే కుర్చీ. మిగతా అందరం చాపల మీద. చిన్నబాపు, దేవుని సాక్షిగా చెబుతున్నాను, ఏ కుళ్లూ లేకుండా, కోతల కాలం కాబట్టి ఆ ఉపమానమే చదివాడు. చదివి, పుస్తకం మూసి, కొండల్లో అలవాటైన ప్రకారం, సభలో పెద్దవాడెవరో చూసి, రెండు చేతులూ జోడించి గౌరవంగా అడిగాడు:

"సారూ, ఇప్పుడు మీ మాటల్ల జర చెప్పుండ్రి."

సారుకు ఇలాంటిదేదో జరుగుతుందన్న ఊహ లేదు. ఆయన లెక్కలో సందేశం అంటే వినడం కూడా కాదు, కూర్చోవడం. అయినా ఇంతమంది ముందు వెనక్కి తగ్గే మనిషి కాదు. లేచి, కండువా సర్దుకుని, వేలం గొంతుతో మొదలుపెట్టాడు. "ఒక రైతు ఉండె. మంచి రైతు. ప్రార్థనాపరుడు. దేవుడు ఆయన పొలాన్ని మస్తు దీవించిండు. పంట పట్టలేనంత వచ్చింది. పాత గరిసెలు చాలలేదు. పీకేసి పెద్దవి కట్టిండు. మనం గూడ విశ్వాసంగ ఉంటే దేవుడు మనలను గిట్లనే వర్ధిల్లజేస్తడు. స్తోత్రం!"

"స్తోత్రం!" అంది సంఘమంతా. అలవాటు.

చిన్నబాపు ముఖంలో ఆ సమయాన ఎగతాళి లేదు. కొండల్లో ఎవరైనా సగంలో ఆగితే ఎలా అడుగుతాడో అలాగే అడిగాడు. "మంచిగ చెప్పిన్రు సారు. తర్వాత?"

"తర్వాతేమున్నదిరా? తిన్నడు, తాగిండు, సల్లగున్నడు."

అప్పుడు ఆడవాళ్ల చాపల మీంచి మా అవ్వ గొంతు వినిపించింది. "యాడ సల్లగుండె సారూ! ఆ రాత్రికే సచ్చె గద వాడు!"

ముందు ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత ఇంకొకావిడ. ఆ తర్వాత ఆడవాళ్ల వైపు మొత్తం కదిలింది. మగవాళ్లు కింది చూపులు చూస్తూ భుజాలతో నవ్వారు. సారు కుర్చీలో కూర్చున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంతమంది విశ్వాసులున్న చోట ప్రభువు చెప్పిన కథను ప్రభువుకే తిరగదిప్పి చెప్పినవాడికి సిగ్గు రాలేదు. కోపం వచ్చింది.

వారం తిరగకముందే కమిటీ మా వాకిట్లోకి వచ్చింది. ఇస్సాకు సారు మంచం మీద కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ ఆయన ఊ అంటే ఊ అనడానికి నిలబడ్డారు. "ఇన్నేండ్లయింది గద సామేలూ, ఎందరికి బాప్తిస్మం ఇచ్చినవు?" అని అడిగాడు సారు. చిన్నబాపు, అది తన పని కాదనీ, ముందు వాళ్ల చేతికి వాక్యం రావాలనీ చెప్పాడు.

"అయితే రాసుడు ఎంత దూరమొచ్చింది?"

"సువార్త సగం దాటింది సారు."

"ఇన్నేండ్లకు ఒక్క పుస్తకంల సగమా! మా బడి పోరగాండ్లు ఏడాదికి ఎన్ని పుస్తకాలు చదివి పాసయితరు?" అన్నాడు సారు. ఊ అనేవాళ్లు ఊ అన్నారు. ఒక ఫోటో అయినా సరిగ్గా పంపలేదట. ఈకలు పెట్టుకున్నవాళ్లను నిలబెట్టి ఫోటో తీసి పంపితే గుడిలో తగిలించేవాళ్లట. వాళ్లు ఈకలు పెట్టుకోరు, గళ్ల లుంగీ కట్టుకుని తలపాగా చుట్టుకుంటారు అని చిన్నబాపు అంటే, "మరి దానికి అంత దూరం ఎందుకు పోయినవు? గా లుంగీ మన దగ్గర గూడ కడుతరు," అన్నాడు ఊ అనేవాళ్లలో ఒకడు. చివరికి తీర్పు చెప్పారు. ఇక నుంచి పిడికెడు గింజల సొమ్ము గుడికి ప్రహరీ గోడ కట్టడానికి వాడుతారు. సామేలు ఇంటి దగ్గరే ఉండి సారు పొలం లెక్కలు చూసుకోవచ్చు.

చిన్నబాపు తలవంచుకుని కూర్చున్నాడు. తిరిగి వెళ్లడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. వెళ్లకపోతే సగమైన సువార్త సగంగానే ఉండిపోతుంది. ఆ పొయ్యిల దగ్గర ఇక ఎవరూ చదివి వినిపించరు. అది మాకందరికీ తెలుసు. కమిటీకి కూడా తెలుసు. దెబ్బ ఎక్కడ తగులుతుందో చూసే కొట్టారు.

అవ్వ లోపలికి వెళ్లింది. పొయ్యి పక్కనున్న కుండను రెండు చేతులా ఎత్తుకొచ్చి, సారు మంచం ముందు నేల మీద పెట్టింది.

"సారూ, పిడికిలి నాది. గింజలు నావి. కుండ నేను గౌరారపు సంతల కొన్న. గిండ్ల కమిటీది ఏదున్నదో తీసుకపోండ్రి."

"ముసల్దానా, సంఘాన్ని ఎదిరిస్తున్నవు."

"సంఘం ఇంట్లున్నది సారు, రొట్టెలు చేస్తున్నది. మీరు కమిటీ."

ఆ నెలాఖరు ఆదివారం గుడిలో వేలానికి గింజలు రాలేదు. ఆడవాళ్లు గుడికి వచ్చారు, పాడారు, మోకరించారు, కానీ కుండలు తేలేదు. సారు కంటపడకుండా కొంగుల్లో కట్టుకుని, నీళ్లకు పోతున్నట్టు బిందెల్లో వేసుకుని, మా ఇంటికి తెచ్చి పోశారు. భయపడి తేని వాళ్లూ ఉన్నారు. వాళ్లను అవ్వ ఒక్క మాట అనలేదు. మా నాన్న ఆ గింజలను చేవెళ్ల సంతకు మోసుకుపోయాడు. చిన్నబాపు ఆ వారమే వెళ్లిపోయాడు. ఆ తర్వాత అవ్వ బతికున్నన్ని నాళ్లూ అలాగే నడిచింది. ప్రహరీ గోడ మాత్రం మోకాలెత్తు దగ్గర ఆగి, ఎన్నో ఏళ్లు మేకలు ఎక్కి కూర్చోవడానికి పనికొచ్చింది.

సువార్త పూర్తయింది. పూర్తయిన సంగతి చెప్పడానికి చిన్నబాపు రాలేదు. అక్కడే జ్వరంతో పోయాడు, అక్కడే సమాధి చేశారు. అప్పటికి నాకు పెళ్లయి, పురిటికి ఆలూరు వచ్చి ఉన్నాను. ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ఒక మనిషి నిలబడ్డాడు. గళ్ల లుంగీ, భుజాన ఎర్రదారాల సంచి. అతనికి హిందీలో రెండు మాటలు వచ్చు, మా నాన్నకు ఉర్దూ వచ్చు. ఆ రెంటి మధ్య మాకు అర్థమైంది. ఇతని పేరు గాం. ఆ పెద్ద గాం మొదటి కొడుకు కాబట్టి ఇతనూ గామే. పొయ్యి దగ్గర కూర్చున్నాడు. సంచిలోంచి ఇప్పుడు మా అటక మీదున్న ఈ వెదురు గొట్టం తీసి రెండు చేతులా అవ్వకిచ్చాడు. తర్వాత ఆకులో చుట్టిన చిన్న పొట్లం తీశాడు. అందులో బియ్యం. వాళ్ల పొలంలో ఆ ఏటి కొత్త బియ్యం. సామేలు ఇంటివాళ్లకు పెట్టకుండా తమ ఇంట్లో ఆ ఏడు ఎవరూ ముట్టలేదని, అందుకే వాళ్ల నాన్న తనను పంపాడని చెప్పాడు. రైళ్లు మారి, బస్సులు మారి, అంత దూరం ఆ పొట్లం పట్టుకుని వచ్చాడు. వాళ్లింట్లో అన్నం ఆగి ఉంది మా కోసం.

అవ్వ ఏడవలేదు. ఆ బియ్యాన్ని చేటలో పోసింది. పోసి, అందులోంచి ఒక పిడికెడు తీసి కుండలో వేసింది. మిగతాది వండింది. ఆ సాయంత్రం గాం మాకు ఆ ఉపమానాన్నే తన భాషలో పుస్తకం చూసి చదివాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చదవడం అయ్యాక పుస్తకం మూసి, చిన్నబాపు లాగానే రెండు చేతులూ జోడించి అవ్వ వైపు చూశాడు. ఇంట్లో పెద్ద ఆవిడ కదా. అవ్వ తెలుగులో మొదలు నుంచి చివరి దాకా చెప్పింది. ఆ రాత్రే చచ్చిన దాకా చెప్పింది. అతను తల ఊపుతూ విన్నాడు, సరిగ్గా కలిసిందన్నట్టు.

అప్పుడంతా మంచి, ఇప్పుడంతా చెడు అని రాయడానికి నాకు మనసొప్పదు. అప్పటి ఇస్సాకు సార్లు ఇప్పటి వాళ్లకు స్వయానా తాతలే. తేడా ఒక్కటి ఉంది. అప్పుడు సారు ఉపమానాన్ని సగంలో ఆపితే, చాపల మీంచి మిగతా సగం చెప్పడానికి ఒక గొంతు లేచేది. ఇప్పుడు చాపలు లేవు. అందరికీ కుర్చీలే. అందరూ సార్లే. వాక్యం తెర మీద పడుతుంది, ఎంత వరకు చూపించాలో కంప్యూటరు ముందున్న పిల్లవాడి చేతిలో ఉంటుంది. ప్రభువు కథలన్నీ దీవెన దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాత ఏమైందని అడిగితే నిన్ను విశ్వాసం లేనిదానివంటారు.

మీటింగు రోజు నేను గొట్టాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని చేవెళ్లలో బస్సెక్కాను. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా పొలాలు కనిపించేవి ఒకప్పుడు. ఇప్పుడు గోడలు. గోడల మీద పూలతీగలు, గేట్ల మీద ఇంగ్లీషు పేర్లు, గేటు గేటుకూ కుర్చీ వేసుకుని కూర్చున్న మన ఊళ్ల మనుషులు. అజీజ్‌నగర్‌లో దిగి ఆ ఫామ్‌హౌస్ గేటు దగ్గరికి వెళ్తే అక్కడి వాచ్‌మన్ నా దగ్గర చదువుకున్నవాడే. "టీచరమ్మా, నడిచొచ్చిన్రా? లోపలికి నడిచొచ్చినోళ్లను ఇదే ఫస్ట్ చూసుడు," అన్నాడు.

షెడ్డు లోపల చల్లగా ఉంది. వేదిక మీద పెద్ద బ్యానరు. ఈ ఏటి వాగ్దానం: నీ కొట్లు విశాలమగును. కొట్లంటే గరిసెలే. నేను రెండుసార్లు చదివాను. ముందు పిల్లలు నాట్యం చేశారు, కచిన్ ప్రజల సంస్కృతి అని ప్రకటించి. కిరాయికి తెచ్చిన ఈకల కిరీటాలు, నడుముకు ఆకులు, ముఖాలకు రంగు. ఇస్సాకు సారు అడిగిన ఫోటో ఇన్నేళ్లకు తయారైంది అనుకున్నాను. తర్వాత ప్రమోద్ అయ్యగారు ఆ ఉపమానం తెర మీద వేయించి చదివించాడు. పొలం పండింది. గరిసెలు చాలలేదు. పెద్దవి కట్టాలనుకున్నాడు. అక్కడ తెర ఆగిపోయింది. "ఎవరెవరు ఈ ఏడాది పెద్ద కొట్టు కట్టబోతున్నరు? చేతులెత్తి ఆమేన్ చెప్పండి!" అన్నాడు. చేతులు లేచాయి. ఉంగరాలున్న చేతులు, ఫోన్లున్న చేతులు. దేవుడా, నీ సహనానికి నేను ఎప్పుడూ ఆశ్చర్యపోతాను. కానీ ఆ రోజు కొంచెం విసుగు కూడా వచ్చింది.

నన్ను పైకి పిలిచారు. శాలువా కప్పారు. గాజు పెట్టె ఒకటి దీపాలతో ఖాళీగా వెలుగుతూ ఉంది. పక్కన ఎర్ర తెర, దాని వెనక బోర్డు. తాడు నా చేతికిచ్చారు. తెర పలుచన. వెనక ఉన్న పెద్ద అక్షరాలు అందులోంచే కనిపిస్తున్నాయి. దార్శనికులు ఇస్సాకు గారు. కింద, చిన్న అక్షరాల్లో, చిన్నబాపు.

తాడును అయ్యగారి చేతిలో తిరిగి పెట్టాను. "ఇది మీరే గుంజుకోండ్రి అయ్యగారూ. పేరు మీ తాతదే గద."

"ఆంటీ, గొట్టం?" అన్నాడు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి.

"అండ్ల ఇంక ఆకున్నది. అయిపోయినంక చూద్దాం." మైకు కోసం చెయ్యి చాపాను. సాక్ష్యం కదా, అయ్యగారికి ఇవ్వక తప్పలేదు. ఏమీ రాసుకోలేదు నేను. సభ వైపు తిరిగాను. అన్ని వరుసలూ నవ్వుముఖాలతో ఎదురుచూస్తున్నాయి, ముసలావిడ చిన్నబాపును తలచుకుని కన్నీళ్లు పెట్టుకుంటుందని.

"ఆ రాత్రికే సచ్చిండు వాడు," అన్నాను. "పెద్ద గరిసెలు కడదామనుకున్నోడు. ఒక్కటి గూడ కట్టలేదు. అయ్యగారు మరిచిపోయిన్రు, అందుకని చెప్పిన."

కీబోర్డు అబ్బాయి ఏం చేయాలో తెలియక ఒక మెత్తని రాగం అందుకున్నాడు. ఎవరో అలవాటుగా ఆమేన్ అని నాలుక కరుచుకున్నారు. అప్పుడు షెడ్డు చివర, బిర్యానీ గంజుల దగ్గర నిలబడిన వంట ఆడవాళ్లలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇంకొకావిడ. వాళ్లది ఏ ఊరో, ఏ సంఘమో నాకు తెలియదు. ఆ నవ్వు మాత్రం నాకు తెలుసు. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, సంచి భుజాన వేసుకుని, నేను ఆ నవ్వు వైపుకే నడిచాను.